క్లౌడ్ డేటాబేస్‌ను బయటి అనలిటిక్స్ టూల్‌కు భద్రంగా కలపడం: మొదటి నుంచి చివరి దాకా

"టూల్ కనెక్ట్ అవ్వట్లేదు, ఏం చేయాలి?" అని అడిగేవాళ్లకు ఎక్కువగా దొరికే సలహా ఒకటే. ఫైర్‌వాల్‌లో 0.0.0.0/0 (అంటే ఏ ఐపీ అడ్రస్ నుంచైనా రావచ్చని) పెట్టండి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చేయండి. నిమిషంలో కనెక్ట్ అవుతుంది, నిజమే. ఆ నిమిషం నుంచే ప్రపంచంలో ఎవరైనా మీ డేటాబేస్ మీద పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి చూడొచ్చు. వాటిలో ఒకటి తగిలితే చదవడమే కాదు, చెరిపేయడం కూడా వాళ్ల చేతిలో పనే.

ఈ మార్గదర్శి మొత్తం ఒక ప్రశ్న చుట్టూ నడుస్తుంది: టూల్‌కు ఇచ్చిన పాస్‌వర్డ్ రేపు బయటికి పోతే మనం ఏం కోల్పోతాం? ఆ పాస్‌వర్డ్ ఉండేది మన దగ్గర కాదు, ఇంకొకరు నడిపే సాఫ్ట్‌వేర్‌లో. 2023 జులైలో మెటాబేస్ అనే అనలిటిక్స్ టూల్‌లో బయటపడిన సీవీఈ-2023-38646 అనే లోపంతో, లాగిన్ అవ్వకుండానే ఆ సర్వర్ మీద కమాండ్లు నడిపే వీలుండేది. ప్యాచ్ వచ్చింది, అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ఇలాంటిది ఏ టూల్‌కైనా రావచ్చు. అందుకే టూల్‌ను నమ్మాలా వద్దా అని తేల్చుకోవడం కంటే, దానికి ఇచ్చే హక్కులను కుదించడం మీదే ఎక్కువ సమయం పెట్టండి.

ఉదాహరణలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు చెందినవి. మైఎస్‌క్యూఎల్‌లో తేడా ఉన్నచోట చెబుతాను. అడుగులను ఇక్కడ ఇచ్చిన వరసలోనే చేయండి. ఫైర్‌వాల్ తెరవడం 7వ అడుగులో గానీ రాదు. అది కావాలని అలా పెట్టిందే.

## 1. మొదలుపెట్టే ముందు

ముందుగా ఈ వివరాలన్నీ ఒకచోట రాసిపెట్టుకోండి. సగం పనిలో వీటి కోసం వెతుక్కునేటప్పుడే తొందరపాటు నిర్ణయాలు జరుగుతాయి.

- డేటాబేస్ ఏది, వెర్షన్ ఎంత. పోస్ట్‌గ్రెస్ 14కూ 15కూ మధ్య హక్కుల విషయంలో ముఖ్యమైన తేడా ఉంది.
- ఎండ్‌పాయింట్ (డేటాబేస్ నెట్‌వర్క్ అడ్రస్), పోర్టు. పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433 మామూలుగా ఉండేవి.
- టూల్ ఎక్కడ నడుస్తోంది: కంపెనీ వాళ్ల క్లౌడ్‌లోనా, మీ సొంత సర్వర్‌లోనా, ఒకరి ల్యాప్‌టాప్‌లోనా?
- టూల్ ఏ ఐపీల నుంచి వస్తుంది. ఈ జాబితా వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది. రీజియన్‌ను బట్టి మారవచ్చు కాబట్టి మీ ఖాతా ఏ రీజియన్‌లో ఉందో కూడా చూడండి.
- ఏ రిపోర్టులు కావాలి, వాటికి ఏ టేబుళ్లు, ఏ కాలమ్‌లు చాలు.

చివరిది రాబట్టడం కష్టం. రిపోర్టులు అడిగేవాళ్లు సాధారణంగా "అన్నీ ఇచ్చేయండి, తర్వాత చూసుకుందాం" అంటారు. ఒప్పుకోకండి. కావాల్సిన రిపోర్టుల పేర్లు రాసివ్వమనండి, కాలమ్‌లు మీరే తేల్చండి. ఒకసారి ఇచ్చిన యాక్సెస్‌ను వెనక్కి తీసుకోవడం, ఇవ్వడం కంటే ఎన్నో రెట్లు కష్టం. అప్పటికి దాని మీద డాష్‌బోర్డులు కట్టేసి ఉంటారు.

## 2. దారి ఎంచుకోండి

నాలుగు దారులున్నాయి. పై నుంచి చూసుకుంటూ రండి, మీకు కుదిరిన మొదటిది తీసుకోండి.

ప్రైవేట్ లింక్ (ఇంటర్నెట్ మీదుగా కాకుండా క్లౌడ్ లోపలే నడిచే కనెక్షన్): అమెజాన్, అజూర్‌లలో ప్రైవేట్ లింక్, గూగుల్ క్లౌడ్‌లో ప్రైవేట్ సర్వీస్ కనెక్ట్. డేటాబేస్‌కు పబ్లిక్ అడ్రస్ అవసరమే ఉండదు. టూల్ కంపెనీ కూడా దీన్ని సపోర్ట్ చేయాలి, చాలావరకు ఖరీదైన ప్లాన్లలోనే ఇస్తారు.

గేట్‌వే: పవర్ బీఐకి ఆన్-ప్రెమిసెస్ డేటా గేట్‌వే, టాబ్లో క్లౌడ్‌కు టాబ్లో బ్రిడ్జ్ ఉన్నాయి. ఈ చిన్న ప్రోగ్రామ్ మీ నెట్‌వర్క్ లోపల కూర్చుని, అక్కడి నుంచి బయటికి కనెక్షన్ తెరుస్తుంది. బయటి నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఈ రెండు టూల్స్ వాడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. అయితే గేట్‌వే నడిచే మెషీన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, దాని అప్‌డేట్లు ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఎస్ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ అయిన రిమోట్ లాగిన్) టన్నెల్: ప్రైవేట్ నెట్‌వర్క్‌లో డేటాబేస్, దాని ముందు బాస్టియన్ అనే చిన్న సర్వర్. టూల్ ముందు బాస్టియన్‌కు ఎస్ఎస్‌హెచ్ కీతో వచ్చి, అక్కడి నుంచి డేటాబేస్‌కు వెళ్తుంది. మెటాబేస్‌తో సహా చాలా టూల్స్‌లో దీనికి ఆప్షన్ ఉంది.

పబ్లిక్ ఎండ్‌పాయింట్, ఐపీ జాబితా: పై మూడూ కుదరనప్పుడు ఇదే. తప్పేమీ కాదు, కానీ దీని పరిమితి తెలిసి ఉండాలి. ఆ కంపెనీ కస్టమర్లందరి క్వెరీలూ సాధారణంగా అవే ఐపీల నుంచి వస్తాయి. అంటే ఐపీ జాబితా అపార్ట్‌మెంట్ గేటు లాంటిది. వీధిలో వాళ్లను ఆపుతుంది గానీ, లోపలున్న మిగతా ఫ్లాట్ల వాళ్లను ఆపదు. మీ ఫ్లాట్ తాళం వేరే ఉండాలి. ఆ తాళాలే 4, 5, 6 అడుగులు.

టూల్‌ను మీరే సొంత సర్వర్‌లో నడుపుతుంటే దాన్ని డేటాబేస్ ఉన్న ప్రైవేట్ నెట్‌వర్క్‌లోనే పెట్టండి. అప్పుడు ఈ తలనొప్పి సగం పోతుంది. గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్ అయితే పక్కనే ఆథ్ ప్రాక్సీ అనే గూగుల్ ప్రోగ్రామ్ నడిపితే ఎన్‌క్రిప్షన్, అనుమతి రెండూ అదే చూసుకుంటుంది.

## 3. మెయిన్ డేటాబేస్‌ను కాదు, రెప్లికాను ఇవ్వండి

సోమవారం పొద్దున అందరూ డాష్‌బోర్డులు తెరిచినప్పుడు మీ యాప్ నెమ్మదించకూడదు. అందుకోసం ఒక రీడ్ రెప్లికా (మెయిన్ డేటాబేస్‌కు చదవడానికి మాత్రమే పనికొచ్చే నకలు) తయారుచేసి టూల్‌ను దానికే కలపండి. రెప్లికాలో రాయడం ఎలాగూ కుదరదు కాబట్టి ఇది భద్రతకూ పనికొస్తుంది.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. యూజర్లను, వ్యూలను (టేబుల్‌లో ఎంచుకున్న కాలమ్‌లనే చూపే సేవ్ చేసిన క్వెరీలను) మెయిన్‌లోనే సృష్టించాలి, అవే రెప్లికాకు వస్తాయి. ఇక రెప్లికా మీద పెద్ద క్వెరీ నడుస్తుండగా "క్యాన్సిలింగ్ స్టేట్‌మెంట్ డ్యూ టు కాన్‌ఫ్లిక్ట్ విత్ రికవరీ" అనే ఎర్రర్ రావచ్చు. మెయిన్ నుంచి వచ్చిన మార్పును అమలు చేయడానికి క్వెరీ అడ్డు వచ్చిందని దాని అర్థం. మ్యాక్స్ స్టాండ్‌బై స్ట్రీమింగ్ డిలే డిఫాల్ట్ 30 సెకన్లు, దాన్ని కొన్ని నిమిషాలకు పెంచితే చాలావరకు తగ్గుతుంది. హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్ చేయమని కూడా చెబుతారు గానీ, దానివల్ల మెయిన్‌లో పాత వరసలు శుభ్రం కాకుండా పేరుకుంటాయి. ముందు మొదటిది ప్రయత్నించండి.

డేటా చిన్నది, రిపోర్టులు కొన్నే అయితే రెప్లికా లేకుండానూ నడుస్తుంది. 5వ అడుగులోని పరిమితులు మాత్రం వదలకండి.

## 4. టేబుళ్లకు బదులు వ్యూలు ఇవ్వండి

అసలు టేబుళ్ల మీద టూల్‌కు ఏ హక్కూ ఇవ్వొద్దు. "రిపోర్టింగ్" అని కొత్త స్కీమా (డేటాబేస్‌లో టేబుళ్లు, వ్యూలు పెట్టుకునే ఫోల్డర్ లాంటిది) సృష్టించి, అందులో అవసరమైన కాలమ్‌లతో వ్యూలు కట్టండి.

పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ మామూలుగా దాని ఓనర్ హక్కులతో టేబుళ్లను చదువుతుంది. కాబట్టి టూల్ యూజర్‌కు వ్యూ మీద హక్కు చాలు, కింది టేబుల్ మీద అక్కర్లేదు. వెర్షన్ 15లో వచ్చిన సెక్యూరిటీ ఇన్వోకర్ ఆప్షన్ పెడితే ఇది తిరగబడుతుంది, అప్పుడు చదివే యూజర్‌కే టేబుల్ హక్కులు కావాలి. ఈ పనికి దాన్ని పెట్టొద్దు.

వ్యూలో కాలమ్‌ల పేర్లు ఒక్కొక్కటిగా రాయండి, స్టార్ గుర్తు పెట్టొద్దు. స్టార్ పెట్టినా పోస్ట్‌గ్రెస్ అప్పటికి ఉన్న కాలమ్‌లనే తీసుకుంటుంది గానీ, ఎప్పుడో ఎవరో ఆ వ్యూను మళ్లీ సృష్టించినప్పుడు మధ్యలో చేరిన గుర్తింపు పత్రాల నంబర్లు, అడ్రసులు అన్నీ చడీచప్పుడు లేకుండా వచ్చేస్తాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం: ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు. వీటి విషయంలో చాలామంది ఎండీ5 హ్యాష్ (విలువను గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చే లెక్క) తీసి "దాచేశాం" అనుకుంటారు. అది దాచడం కాదు. పది అంకెల నంబర్లు ఎన్ని రకాలుగా రాసినా మొత్తం వెయ్యి కోట్లకు మించవు. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఎవరైనా అన్నిటికీ హ్యాష్‌లు లెక్కగట్టి, పోల్చి, అసలు నంబరు పట్టేస్తారు. చేయాల్సినవి ఇవి, ఈ వరసలో ఆలోచించండి:

- ఆ కాలమ్ రిపోర్టుకు అవసరమా? చాలా సందర్భాల్లో కాదు. తీసేయండి.
- కస్టమర్లను వేరువేరుగా లెక్కపెట్టడానికే కావాలా? అయితే లోపలి కస్టమర్ ఐడీ చాలు.
- రెండు వేర్వేరు చోట్ల ఉన్న డేటాను ఫోన్‌తోనే కలపాలా? అప్పుడు రహస్య కీతో కూడిన హెచ్‌మ్యాక్ వాడండి. పీజీక్రిప్టో ఎక్స్‌టెన్షన్‌లో ఉంది. కీని వ్యూ నిర్వచనంలో రాయకండి, వ్యూను చదివే యూజర్ దాని నిర్వచనాన్నీ చూడగలడు. హ్యాష్ విలువను మీ వైపే లెక్కగట్టి వేరే కాలమ్‌లో నింపుకోండి, వ్యూలో ఆ కాలమ్ మాత్రమే ఇవ్వండి.
- పుట్టినతేదీకి బదులు వయసు వర్గం, పూర్తి అడ్రసుకు బదులు జిల్లా ఇస్తే రిపోర్టుకు సరిపోతుంది.

సూపాబేస్ (పోస్ట్‌గ్రెస్ మీద నడిచే క్లౌడ్ సర్వీస్) వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. రిపోర్టింగ్ వ్యూలను పబ్లిక్ స్కీమాలో పెట్టకండి. ఆ స్కీమా ఏపీఐ ద్వారా బయటికి కనిపిస్తుంది. పైగా అక్కడ "పోస్ట్‌గ్రెస్" అనే పేరున్న అడ్మిన్ రోల్ సృష్టించిన వ్యూ, కింది టేబుల్ మీద మీరు పెట్టుకున్న రో లెవెల్ సెక్యూరిటీని (ఎవరు ఏ వరసలు చూడాలో చెప్పే నియమాలను) దాటేస్తుంది. ఈ రెండూ కలిస్తే, మీరు టూల్ కోసం కట్టిన వ్యూను మీ వెబ్‌సైట్‌కు వచ్చిన వాళ్లెవరైనా చదివేయవచ్చు.

## 5. టూల్ కోసం విడిగా యూజర్

ఒక్కో టూల్‌కు ఒక్కో యూజర్. రెండు టూల్స్‌కు ఒకే యూజర్ ఇస్తే రేపు తేడా వచ్చినప్పుడు ఎవరివల్ల వచ్చిందో తేలదు, ఒకదాన్ని ఆపాలంటే రెండూ ఆగుతాయి.

ముందు లాగిన్ లేని ఒక రోల్ (హక్కుల కట్ట లాంటిది) సృష్టించండి, పేరు "రిపోర్ట్ రీడర్" అనుకుందాం. హక్కులన్నీ దీనికే ఇవ్వండి. తర్వాత లాగిన్ ఉన్న యూజర్‌ను సృష్టించి ఆ రోల్‌లో చేర్చండి. పాస్‌వర్డ్ మార్చేటప్పుడు దీని లాభం 11వ అడుగులో కనిపిస్తుంది.

రోల్‌కు ఇవ్వాల్సినవి మూడే: డేటాబేస్ మీద కనెక్ట్, రిపోర్టింగ్ స్కీమా మీద యూసేజ్, అందులోని వ్యూల మీద సెలెక్ట్. వెర్షన్ 14 నుంచి ఉన్న "పీజీ రీడ్ ఆల్ డేటా" అనే రెడీమేడ్ రోల్ చూసి ఆశపడకండి. ఒక్క లైన్‌తో పని అవుతుంది, కానీ డేటాబేస్‌లో ఉన్న ప్రతి టేబుల్‌నూ చదివే హక్కు వెళ్లిపోతుంది. 4వ అడుగులో పడ్డ కష్టమంతా వృథా.

ఇంతవరకు చాలామంది చేస్తారు. ఇక్కడే ఆగిపోతారు, అదే పొరపాటు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి యూజర్‌కూ పబ్లిక్ అనే రోల్ ద్వారా అడగకుండానే కొన్ని హక్కులు వస్తాయి. "చదవడానికి మాత్రమే" అని మీరనుకునే యూజర్ కూడా కొత్తగా పుట్టగానే వీటితోనే పుడతాడు. వీటిని తీసేయాలి:

- అదే సర్వర్‌లో ఉన్న మిగతా డేటాబేస్‌లకు కనెక్ట్ అయ్యే హక్కు. వాటి మీద పబ్లిక్ నుంచి కనెక్ట్‌ను రివోక్ చేయండి. మీ యాప్ యూజర్లకు విడిగా ఇచ్చాకే చేయండి, లేకపోతే యాప్ ఆగిపోతుంది.
- టెంపరరీ టేబుళ్లు సృష్టించే హక్కు. హద్దు లేకుండా వాడితే డిస్క్ నిండుతుంది.
- వెర్షన్ 14, అంతకంటే పాతవాటిలో పబ్లిక్ స్కీమాలో టేబుళ్లు సృష్టించే హక్కు. 15 నుంచి కొత్త డేటాబేస్‌లలో ఇది డిఫాల్ట్‌గా లేదు. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసినవాటిలో పాత హక్కే కొనసాగుతుంది, చూసుకోండి.
- ఫంక్షన్లను నడిపే హక్కు. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. సెక్యూరిటీ డిఫైనర్‌గా రాసిన ఫంక్షన్ దాని ఓనర్ హక్కులతో నడుస్తుంది. అది ఆర్డర్ రద్దు చేసే ఫంక్షన్ అయితే, సెలెక్ట్ తప్ప ఇంకే హక్కూ లేని యూజర్ దాన్ని పిలిచి ఆర్డర్లు రద్దు చేయగలడు. అలాంటి ఫంక్షన్లను వెతికి, పబ్లిక్ నుంచి ఎగ్జిక్యూట్ హక్కు తీసేయండి.

ఇప్పుడు పరిమితులు. ఇవి పెట్టడానికి రెండు నిమిషాలు చాలు:

- కనెక్షన్ లిమిట్: 5 నుంచి 10
- స్టేట్‌మెంట్ టైమౌట్: 60 నుంచి 120 సెకన్లు
- ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ టైమౌట్: 60 సెకన్లు
- డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ: ఆన్

వీటిలో కనెక్షన్ లిమిట్ ఒక్కటే యూజర్ మార్చలేనిది. మిగతా మూడింటినీ లాగిన్ అయిన యూజర్ తన సెషన్‌లో సెట్ కమాండ్‌తో మార్చుకోగలడు. కాబట్టి అవి పొరపాట్లను ఆపుతాయి, దొంగను ఆపవు. రీడ్ ఓన్లీ ఆన్ చేశాం కదా అని హక్కుల విషయంలో సడలించకండి.

పాస్‌వర్డ్‌ను మీరు ఆలోచించి పెట్టకండి, పాస్‌వర్డ్ మేనేజర్‌తో 32 అక్షరాలకు తగ్గకుండా తయారుచేయించండి. అక్షరాలు, అంకెలు మాత్రమే వాడమనండి. ఎట్ గుర్తు, హ్యాష్ గుర్తు ఉంటే కనెక్షన్ యూఆర్ఎల్‌లో అవి %40, %23 గా మారాలి, లేకపోతే అర్థంకాని ఎర్రర్లు వస్తాయి. పాస్‌వర్డ్‌ను ఎస్‌క్యూఎల్ కమాండ్‌లో నేరుగా రాస్తే లాగ్‌లలో మిగిలిపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ ప్రోగ్రామ్ అయిన పీఎస్‌క్యూఎల్‌లో ఉన్న పాస్‌వర్డ్ కమాండ్ వాడితే హ్యాష్ చేసినదే సర్వర్‌కు వెళ్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ పేరుతోపాటు హోస్ట్ కూడా భాగమే. హోస్ట్ చోట శాతం గుర్తు పెడితే ఎక్కడి నుంచైనా రావచ్చని అర్థం. దానికి బదులు టూల్ ఐపీ లేదా బాస్టియన్ ఐపీ రాయండి.

## 6. ఎన్‌క్రిప్షన్: "రిక్వైర్" దగ్గర ఆగిపోకండి

ముందు సర్వర్ వైపు. ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్‌ను సర్వరే తిప్పికొట్టాలి. అమెజాన్ డేటాబేస్ సర్వీస్ అయిన ఆర్‌డీఎస్‌లో పోస్ట్‌గ్రెస్‌కు ఆర్‌డీఎస్ ఫోర్స్ ఎస్ఎస్ఎల్ అనే పారామీటర్ ఉంది, వెర్షన్ 15 నుంచి డిఫాల్ట్‌గా ఆన్. అంతకంటే పాతవాటిలో మీరే 1 పెట్టాలి. మైఎస్‌క్యూఎల్‌లో దీని పేరు రిక్వైర్ సెక్యూర్ ట్రాన్స్‌పోర్ట్.

తర్వాత టూల్ వైపు. పోస్ట్‌గ్రెస్‌లో ఎస్ఎస్ఎల్ మోడ్‌కు ఆరు విలువలున్నాయి, మీకు పనికొచ్చే తేడాలు ఇవి.

ప్రిఫర్: కుదిరితే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, లేకపోతే మామూలుగానే వెళ్లిపోతుంది. పోస్ట్‌గ్రెస్ సొంత లైబ్రరీలో డిఫాల్ట్ ఇదే. దీన్ని వాడొద్దు.

రిక్వైర్: ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, కానీ అవతల ఉన్నది మన సర్వరేనా అని మామూలుగా చూడదు. మధ్యలో ఎవరైనా దూరి సర్వర్‌లా నటిస్తే పట్టుకోలేదు.

వెరిఫై ఫుల్: సర్టిఫికెట్‌నూ, అందులోని హోస్ట్ పేరునూ రెండింటినీ సరిచూస్తుంది. కావాల్సింది ఇది.

వెరిఫై ఫుల్‌కు మీ క్లౌడ్ కంపెనీ ఇచ్చే సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ) సర్టిఫికెట్ ఫైల్‌ను టూల్‌లో అప్‌లోడ్ చేయాలి. ఆ ఫైల్‌కూ గడువు ఉంటుంది. ఆర్‌డీఎస్ 2019 నాటి సీఏ 2024 ఆగస్టులో ముగిసింది. గడువు తేదీని ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకోండి.

## 7. ఇప్పుడు ఫైర్‌వాల్ తెరవండి

టూల్ ఇచ్చిన ఐపీలను ఒక్కొక్కటిగా, చివర /32 తో (ఆ ఒక్క ఐపీ మాత్రమే అని) చేర్చండి. ఒక్కో నియమానికి వివరణ రాయండి: ఏ టూల్, ఎవరు అడిగారు, ఏ తేదీ. ఏడాది తర్వాత ఆ నియమాన్ని తీసేయొచ్చా లేదా అనేది ఈ ఒక్క లైన్ మీదే ఆధారపడుతుంది.

అజూర్‌లో అజూర్ సర్వీసులన్నిటికీ యాక్సెస్ ఇవ్వడానికి ఒక టిక్ ఉంటుంది. చూడ్డానికి హానిలేనిదిగా ఉంటుంది. అది మీ సర్వీసులకు మాత్రమే కాదు, అజూర్‌లో ఉన్న ఇతర కస్టమర్ల మెషీన్లకు కూడా దారి ఇస్తుంది. టిక్ తీసేయండి.

టన్నెల్ దారి అయితే టూల్ ఐపీలకు బాస్టియన్ 22వ పోర్టు మాత్రమే తెరవండి. డేటాబేస్ సెక్యూరిటీ గ్రూప్ బాస్టియన్ నుంచి వచ్చేవాటినే ఒప్పుకోవాలి. బాస్టియన్‌లో టూల్ కోసం వేరే యూజర్‌ను సృష్టించి, షెల్ లేకుండా, పర్మిట్ ఓపెన్ ఆప్షన్‌తో డేటాబేస్ అడ్రస్, పోర్టుకే ఫార్వర్డింగ్ పరిమితం చేయండి. ఇది చేయకపోతే ఆ కీ ఉన్నవాళ్లు మీ ప్రైవేట్ నెట్‌వర్క్‌లో ఎక్కడికైనా వెళ్లగలరు.

## 8. టూల్‌లో వివరాలు నింపండి

హోస్ట్, పోర్టు, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్, ఎస్ఎస్ఎల్ మోడ్, సీఏ ఫైల్. స్కీమా అడిగితే రిపోర్టింగ్ ఒక్కటే ఎంచుకోండి. పాస్‌వర్డ్‌ను చాట్‌లోనో మెయిల్‌లోనో పంపకండి. టూల్‌లో నింపే వ్యక్తికి పాస్‌వర్డ్ మేనేజర్ ద్వారా షేర్ చేయండి, లేదా మీరే నింపండి.

## 9. పరీక్ష: కనెక్ట్ అయితే చాలదు

"టెస్ట్ సక్సెస్‌ఫుల్" అని ఆకుపచ్చ టిక్ రాగానే పని అయిపోలేదు. జరగకూడనివి జరగట్లేదని కూడా తేల్చుకోవాలి. టూల్ యూజర్‌తో పీఎస్‌క్యూఎల్‌లో లాగిన్ అయి ఒక్కొక్కటే ప్రయత్నించండి. రాసే పరీక్షలను మెయిన్ మీద చేయండి. రెప్లికా మీద చేస్తే అది ఎలాగూ తిప్పికొడుతుంది, మీ హక్కుల పని ఫలించిందో లేదో తెలియదు. ముందుగా సెషన్‌లో రీడ్ ఓన్లీని ఆఫ్ చేసుకోండి, దొంగ చేసేది కూడా అదే.

- అసలు కస్టమర్ టేబుల్ నుంచి సెలెక్ట్: "పర్మిషన్ డినైడ్" రావాలి.
- వ్యూ నుంచి సెలెక్ట్: డేటా రావాలి.
- కొత్త టేబుల్, టెంపరరీ టేబుల్ సృష్టించడం: రెండూ తిరస్కరించాలి.
- అదే సర్వర్‌లోని ఇంకో డేటాబేస్‌కు లాగిన్: తిరస్కరించాలి.
- పీజీ స్లీప్ ఫంక్షన్‌తో 200 సెకన్ల క్వెరీ, సెషన్‌లో టైమౌట్ మార్చకుండా: టైమౌట్ దగ్గర ఆగిపోవాలి.
- ఎస్ఎస్ఎల్ మోడ్ డిజేబుల్ పెట్టి లాగిన్: తిరస్కరించాలి.
- జాబితాలో లేని నెట్‌వర్క్ నుంచి, ఉదాహరణకు ఫోన్ హాట్‌స్పాట్ నుంచి: కనెక్టే కాకూడదు.

ఆఖరుగా, టూల్ కనెక్ట్ అయి ఉండగా అడ్మిన్‌గా పీజీ స్టాట్ ఎస్ఎస్ఎల్ అనే వ్యూను చూడండి. టూల్ సెషన్ ఎదురుగా ఎస్ఎస్ఎల్ కాలమ్‌లో "టీ" ఉంటే ఎన్‌క్రిప్షన్ నిజంగానే జరుగుతోంది. "ఎఫ్" కనిపిస్తే టూల్ సెట్టింగ్స్‌లో ఏం రాసి ఉన్నా నమ్మకండి, 6వ అడుగుకు వెనక్కి వెళ్లండి.

## 10. వచ్చే ఎర్రర్లు, వాటి మందు

కనెక్షన్ టైమౌట్: ఫైర్‌వాల్ దగ్గరే ఆగిపోయింది. ఐపీ జాబితా చూడండి. ఆర్‌డీఎస్ అయితే పబ్లిక్లీ యాక్సెసిబుల్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, అప్పుడు ఎండ్‌పాయింట్ ప్రైవేట్ ఐపీనే ఇస్తుంది. అలా ఉంటే దాన్ని ఆన్ చేసేయకుండా ముందు టన్నెల్ గురించి ఆలోచించండి.

కనెక్షన్ రిఫ్యూజ్డ్: మెషీన్ దాకా చేరింది, ఆ పోర్టులో వినేవాళ్లు లేరు. పోర్టు నంబరు తప్పు అయి ఉంటుంది.

పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్: ఇది ఒకరకంగా మంచి వార్త, నెట్‌వర్క్ అంతా సరిగ్గా ఉంది. యూఆర్ఎల్‌లో ప్రత్యేక గుర్తులు, పాస్‌వర్డ్ చివర ఖాళీ చూడండి.

నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ, చివర "నో ఎన్‌క్రిప్షన్": సర్వర్ ఎన్‌క్రిప్షన్ అడుగుతోంది, టూల్ ఇవ్వట్లేదు. టూల్ వైపు సరిచేయండి. సర్వర్ వైపు సడలించడం మందు కాదు.

అథెంటికేషన్ టైప్ 10 సపోర్ట్ చేయట్లేదు: టూల్‌లోని డ్రైవర్ పాతది, దానికి స్క్రామ్ అనే కొత్త పాస్‌వర్డ్ పద్ధతి తెలియదు. డ్రైవర్‌ను అప్‌డేట్ చేయండి. ఎండీ5కి వెనక్కి వెళ్లకండి.

సర్టిఫికెట్‌లో హోస్ట్ పేరు కలవట్లేదు: టన్నెల్ వాడేటప్పుడు ఇది మామూలే. టూల్ దృష్టిలో హోస్ట్ పేరు లోకల్‌హోస్ట్, సర్టిఫికెట్‌లో ఉన్నది డేటాబేస్ పేరు. టన్నెల్ ఉన్నప్పుడు వెరిఫై సీఏ (సర్టిఫికెట్‌ను సరిచూస్తుంది, హోస్ట్ పేరును చూడదు) పెట్టుకోవచ్చు, బాస్టియన్ హోస్ట్ కీని మాత్రం సరిచూసుకోండి.

కొత్త వ్యూలు టూల్‌లో కనిపించట్లేదు: ఇచ్చిన సెలెక్ట్ అప్పటికి ఉన్నవాటికే వర్తిస్తుంది. ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ వాడాలి. అదీ ఏ రోల్ వ్యూలను సృష్టిస్తుందో ఆ రోల్ పేరు మీదే. మీ పేరు మీద ఇచ్చి, వ్యూలను మైగ్రేషన్ యూజర్ సృష్టిస్తుంటే పని చేయదు. అప్పటికీ కనిపించకపోతే టూల్‌లో స్కీమా సింక్ నడపండి.

వ్యూ తెరుచుకుంటుంది, ఒక్క వరసా రాదు: కింది టేబుల్ మీద రో లెవెల్ సెక్యూరిటీ ఉండి, వ్యూ ఓనర్‌కు పాలసీ లేదు. ఆ ఓనర్‌కు చదివే పాలసీ ఒకటి రాయండి.

## 11. కలిపిన తర్వాత

డేటాబేస్ వైపు ఎంత బిగించినా, టూల్‌లోకి వచ్చిన డేటాకు టూల్ నియమాలే వర్తిస్తాయి. కనెక్షన్ ఇచ్చిన రోజే ఇవి చూడండి:

- లాగిన్‌కు రెండంచెల ధృవీకరణ, లేదా కంపెనీ ఖాతాతోనే లాగిన్
- పబ్లిక్ షేర్ లింకులు ఆఫ్
- ఎస్‌క్యూఎల్ నేరుగా రాసే హక్కు, ఫైల్ డౌన్‌లోడ్ హక్కు అవసరమైన కొద్దిమందికే
- డాష్‌బోర్డుల ఆటో రిఫ్రెష్ గంటకోసారి చాలు, నిమిషానికోసారి వద్దు
- మెటాబేస్‌ను సొంతంగా నడుపుతుంటే ఎన్‌క్రిప్షన్ సీక్రెట్ కీ సెట్ చేయాలి. అది లేకపోతే డేటాబేస్ పాస్‌వర్డ్‌లు దాని సొంత డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ కాకుండానే ఉంటాయి.

పాస్‌వర్డ్ మార్చడానికి ఎవరూ ముందుకు రారు, డాష్‌బోర్డులు ఆగిపోతాయని టెన్షన్. రెండు యూజర్ల పద్ధతిలో ఆ టెన్షన్ ఉండదు. రిపోర్ట్ రీడర్ రోల్‌లో రెండో యూజర్‌ను చేర్చండి, 5వ అడుగులోని పరిమితులు రోల్ నుంచి సంక్రమించవు కాబట్టి అవి కూడా మళ్లీ పెట్టండి. టూల్‌లో కొత్త వివరాలు నింపి, రెండు రోజులు చూసి, పాతదానికి లాగిన్ తీసేయండి. తర్వాతిసారి అటుది ఇటు. మైఎస్‌క్యూఎల్ 8.0.14 నుంచి ఒకే యూజర్‌కు పాత, కొత్త పాస్‌వర్డ్‌లు రెండూ కొంతకాలం పనిచేసేలా పెట్టుకోవచ్చు.

లాగ్ కనెక్షన్స్ ఆన్ చేయండి. వారానికోసారి టూల్ యూజర్ పేరుతో వచ్చిన ఐపీలను చూడండి, జాబితాలో లేనిది ఒక్కటి కనిపించినా వదిలేయొద్దు. ఏ క్వెరీలు నడిచాయో కూడా కావాలంటే పీజీ ఆడిట్ ఎక్స్‌టెన్షన్ ఉంది.

## 12. పాస్‌వర్డ్ బయటికి పోయిందని అనుమానం వస్తే

దీన్ని ముందే ప్రింట్ తీసి పెట్టుకోండి. అప్పటికప్పుడు వెతుక్కోవద్దు.

1. యూజర్‌కు నోలాగిన్ పెట్టండి. ఇది కొత్త లాగిన్లనే ఆపుతుంది, ఇప్పటికే లోపల ఉన్నవాళ్లు అలాగే ఉంటారు.
2. కాబట్టి వెంటనే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో ఆ యూజర్ సెషన్లన్నీ తెంపేయండి. రెప్లికా ఉంటే అక్కడ కూడా విడిగా తెంపాలి.
3. ఫైర్‌వాల్ నియమాన్ని, టన్నెల్ ఉంటే ఎస్ఎస్‌హెచ్ కీని తీసేయండి.
4. లాగ్‌లు రొటేట్ అయి పోకముందే కాపీ చేసుకోండి.
5. రిపోర్టింగ్ స్కీమాలో ఆ రోజుకు ఉన్న వ్యూల జాబితా తీయండి. బయటికి పోగలిగిన డేటా ఏమిటో దాన్ని బట్టే తెలుస్తుంది, ఎవరికి తెలియజేయాలో కూడా.
6. విచారణ ముగిశాకే యూజర్‌ను తొలగించండి. "కొన్ని ఆబ్జెక్టులు దీని మీద ఆధారపడి ఉన్నాయి" అని డ్రాప్ రోల్ ఒప్పుకోకపోతే, ఆ యూజర్‌కు హక్కులున్న ప్రతి డేటాబేస్‌లోనూ విడివిడిగా డ్రాప్ ఓన్డ్ నడిపి, తర్వాత మళ్లీ ప్రయత్నించండి. డ్రాప్ ఓన్డ్ ఆ యూజర్ సొంత ఆబ్జెక్టులను కూడా చెరిపేస్తుంది కాబట్టి, అతని పేరు మీద వ్యూలేవీ లేవని ముందు నిర్ధారించుకోండి.